ఒక మాట, పలు అర్థాలు: కృష్ణా డెల్టాలో ఇంగ్లిషు పదాల చరిత్ర

భాషా చరిత్ర చదివేటప్పుడు మనం సాధారణంగా వేసే ప్రశ్న ఒకటే: ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది? బొత్తాం పోర్చుగీసు, దస్తావేజు పారసీకం, రైలు ఇంగ్లిషు అని జవాబు రాగానే తృప్తిపడతాం. ఈ పాఠంలో అంతకంటే ఒక అడుగు ముందుకు వేద్దాం. ఇంగ్లిషులో నిత్యం వాడే మాటల్లో చాలావాటికి మూడేసి, నాలుగేసి అర్థాలుంటాయి. అలాంటి మాట తెలుగునాట అడుగుపెట్టినప్పుడు దాని అర్థాల్లో ఏది వచ్చింది, ఏది రాలేదు? వచ్చిన అర్థం ఎప్పుడు, ఏ పనితో, ఎవరి వెంట వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే ఒక ప్రాంతపు చరిత్ర బయటపడుతుంది. ఆ ప్రాంతంగా విజయవాడను, దాని చుట్టూ ఉన్న కృష్ణా డెల్టాను తీసుకుందాం.

ముందుగా ఒక చిన్న ఉదాహరణ. 'స్ప్రింగ్' అనే ఇంగ్లిషు మాటకు రుతువు, నీటి ఊట, చుట్టలు తిరిగిన ఇనుప తీగ అని మూడు ముఖ్యార్థాలున్నాయి. తెలుగులో మొదటిది వసంతం, రెండోది ఊట. మూడోదానికి మాత్రం స్ప్రింగు అనే అంటాం. గడియారం, గుర్రబ్బండి, మంచం, ఏ రూపంలో వచ్చినా ఆ వస్తువు మనకు కొత్త. అందుకే వస్తువుతో పాటు పేరూ వచ్చింది. రుతువూ ఊటా మనకు ఎప్పటి నుంచో ఉన్నవే కనుక వాటికి అరువు మాట అవసరం పడలేదు.

ఇదే మాటను బాల్టిక్ సముద్ర తీరాన ఉన్న లాత్వియా భాషలో చూడండి. అక్కడ రుతువు 'పవసరిస్', ఊట 'అవొత్స్', ఇనుప స్ప్రింగు 'అత్‌స్పెరె'. మూడింటికి మూడు మాటలు. మూడోదాన్ని కూడా వారు తన్నడం అనే అర్థమున్న తమ క్రియాపదం నుంచే తయారుచేసుకున్నారు. ఒకే ఇంగ్లిషు మాట రెండు భాషల్లో మూడుగా చీలింది కానీ, ఆ మూడో ముక్క దగ్గర మనం ఒక దారి పట్టాం, వారు మరో దారి పట్టారు. లాత్వియాను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. మన బందరులాగే అక్కడి రీగా నగరం కూడా సముద్ర వర్తకంతో పెరిగింది. శతాబ్దాల పాటు అక్కడ అధికారం, వర్తకం, మతం జర్మన్ మాట్లాడేవారి చేతుల్లో ఉండేవి. లాత్వియా భాషకు తొలి నిఘంటువును 1638లో కూర్చినవాడు మన్‌సేలియుస్ అనే జర్మన్ మతగురువు. మన నిఘంటువు ఒక కంపెనీ ఉద్యోగి చేతిలో రూపుదిద్దుకున్నట్టే అది. పరాయి అధికారం కింద బతికిన భాషలు అరువు మాటలను ఎలా జల్లెడ పట్టుకున్నాయో పోల్చి చూడడానికి ఇది అనువైన జంట.

లాకులు

విజయవాడలో 'బందరు లాకులు', 'ఏలూరు లాకులు' అంటే ఆటోవాళ్లకు చిరునామా చెప్పనక్కర్లేదు. ఆ పేర్లు వాడే కొత్త తరంలో చాలామందికి అక్కడ ఒకప్పుడు పడవలు ఎక్కి దిగేవన్న సంగతి తెలియదు.

కృష్ణ మీద తొలి ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో సాగిన ఆ పనికి కెప్టెన్ ఆర్ నాయకత్వం వహించాడు. 1952లో ఆ పాత కట్టడానికి గండి పడింది. ఆ తరువాత కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. ఆనకట్ట నుంచి తవ్విన కాలువలు పొలాలకు నీళ్లిచ్చేవి, పడవలకు దారి ఇచ్చేవి. గోదావరి కాలువల మీదుగా ఏలూరు, అక్కడి నుంచి ఏలూరు కాలువలో విజయవాడ, నది దాటి సీతానగరం, ఆపైన కొమ్మమూరు కాలువలో పెదగంజాం, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసు. ఇదంతా ఒకే జలమార్గం. ధాన్యం, కలప, ఉప్పు, మనుషులు ఆ దారిన సాగేవారు.

కాలువకు వాలు ఉంటుంది. నది మట్టం ఒకటి, కాలువ మట్టం మరొకటి. పడవ ఒక మట్టం నుంచి మరో మట్టానికి మారాలంటే రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి కట్టాలి. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్లు నింపో తీసో మట్టం సరిచేసి, ముందు తలుపులు తీస్తారు. ఇంగ్లిషులో ఈ కట్టడం పేరు 'లాక్'. ఆ భాషలో ఇంటి తాళాన్నీ అదే మాటతో పిలుస్తారు. మూసివేయడం, అడ్డం పెట్టడం అనే మూలార్థం నుంచే రెండూ పుట్టాయి. జుట్టు పాయను కూడా 'లాక్' అనే అంటారు కానీ అది పుట్టుకలోనే వేరు మాట, ధ్వని మాత్రం కలిసింది. ఒకే మాట అర్థాలు విస్తరించుకోవడం వేరు, వేరువేరు మాటలు కాలక్రమంలో ఒకేలా వినబడడం వేరు. నిఘంటువులో మొదటిదాన్ని ఒకే ఆరోపం కింద, రెండోదాన్ని విడి ఆరోపాలుగా చూపడం ఆనవాయితీ. విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు డెల్టాలో ఏం జరిగిందో చూడండి. ఇంటికి వేసేదానికి అప్పటికే తాళం ఉంది, తాళంకప్ప ఉంది, తాళంచెవి ఉంది. కాలువ కట్టడం కొత్తది. కాలువ మీద పనిచేసిన కూలీలు, పడవ సరంగులు దాన్ని ఎవరినీ అడక్కుండా 'లాకు' అన్నారు. నిఘంటువు చూసి 'కాలువ తాళం' అని ఎవరూ అనలేదు. అలా అని ఉంటే సంగీత విద్వాంసులు కూడా ఆగి వినేవారేమో, ఎందుకంటే మన తాళమూ పలు అర్థాల మాటే. 'తాళం వేశాడు' అంటే గది మూశాడా, పాటకు లయ కట్టాడా అన్నది సందర్భం చెప్పాలి.

లాకు తెలుగులో స్థిరపడిన తీరులో మరో విశేషం ఉంది. దాన్ని దాదాపు ఎప్పుడూ బహువచనంలోనే వాడతాం: 'లాకుల దగ్గర', 'లాకులు ఎత్తారు'. ఉండేది రెండు జతల తలుపులు కనుక అది సహజం. లాత్వియా భాషలో ఇదే కట్టడం పేరు 'స్లూజస్'. అదీ ఎప్పుడూ బహువచనమే. రెండు జాతులూ ఒకదాని సంగతి మరొకటి ఎరగకుండా తలుపులు లెక్కపెట్టుకున్నాయి.

'స్లూజస్' జర్మన్ వారి ద్వారా లాత్వియాకు చేరిన మాట. దాని మూలం మూసివేయడమనే అర్థమున్న లాటిన్ మాట. ఆ లాటిన్ మాటే ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వెళ్లి 'స్లూయిస్' అయింది. మన ఇంజనీర్ల కాగితాల్లో 'హెడ్ స్లూయిస్' అని కనిపించేది అదే. అంటే ఒకే లాటిన్ మాట ఒకవైపు రీగాకు, మరోవైపు బెజవాడకు చేరింది. కానీ చేరాక వాటి బతుకులు వేరయ్యాయి. లాత్వియాలో ఆ మాట పడవల లాకునూ, నీరు వదిలే కట్టడాన్నీ రెంటినీ సూచిస్తుంది. మన దగ్గర స్లూయిస్ ఊళ్లోకి రాలేకపోయింది. దాని చోటులో అప్పటికే 'తూము' కూర్చుని ఉంది. చెరువు కింద సేద్యం చేసిన తెలుగు రైతుకు తూము అనాది మాట. ధాన్యం కొలతకూ అదే పేరున్నా ఎవరూ తికమకపడలేదు. అందువల్ల డెల్టా రైతు పడవ దారికి లాకును అరువు తెచ్చుకుని, పొలానికి నీరు వదిలే దారిని మాత్రం తూముగానే ఉంచుకున్నాడు. ఇంగ్లిషువాడు తెచ్చిన నీటిపారుదల శాస్త్రంలో ఏది కొత్త, ఏది పాత అన్న తీర్పు ఈ రెండు మాటల మధ్య ఉంది. తూము అనే మాట మిగలడమే, కాటన్‌కు ముందు ఇక్కడ నీటిపారుదల లేదన్న వాదానికి తగిన జవాబు.

లాకుల తలుపులు ఎత్తి దించే మనిషి పేరు లస్కరు. పారసీకంలో లష్కర్ అంటే సైన్యం. ఇంగ్లిషువారి నోట అది ఓడ కళాసీకి, ఫిరంగుల దగ్గర సాయపడేవాడికి పేరైంది. డెల్టాకు వచ్చేసరికి కాలువ గట్టు మీద తిరుగుతూ నీటి మట్టం చూసే చిరుద్యోగి అయ్యాడు. పోతే, ఇంగ్లిషు 'యానికట్' మన దక్షిణాది మాటే. తమిళంలో 'అణైకట్టు', మనకు ఆనకట్ట. అరువు అన్నివేళలా ఒకే దిశలో సాగలేదు.

ఆ తరువాత లాక్ అనే మాట మనకు పదేపదే వచ్చింది, ప్రతిసారీ వేరే చోటికి. పోలీసు స్టేషనుతో లాకప్పు, కార్ఖానాతో లాకౌటు, బ్యాంకుతో లాకరు, ఫోనుతో 'లాక్ పడింది', 2020లో లాక్‌డౌన్. ఇన్ని వచ్చినా ఇంటికి వేసేది ఇప్పటికీ తాళమే.

అభ్యాసం: మీ ఇంట్లో పెద్దలను అడిగి 'తాళాలు' అనే మాటకు వారు తాళంకప్పలు అని అర్థం చెబుతారో, తాళంచెవులు అని చెబుతారో నమోదు చేయండి. లాత్వియా భాషలో 'అత్‌స్లేగ' అంటే తాళంచెవి, దానికే 'వేలాడే' అనే విశేషణం చేరిస్తే తాళంకప్ప. మీ ఊరి వాడుక దీనికి ఎంత దగ్గరగా ఉంది?

గట్టు, బ్యాంకు, కుంపిణీ

'బ్యాంక్' అనే ఇంగ్లిషు మాటకు నది ఒడ్డు అనీ, డబ్బు దాచే సంస్థ అనీ అర్థాలున్నాయని బడిపిల్లలకూ తెలుసు. లాత్వియాలో ఒడ్డు 'క్రస్త్స్', సంస్థ 'బంక'. (తెలుగువాడు వింటే చేతికి అంటుకునే మాట.) తెలుగులోనూ సంస్థ పేరు మాత్రమే అరువు. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఆ మాటను డెల్టా రైతు ఇంటి మాటగా మార్చిన సంస్థల్లో ఒకటి. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. డబ్బు వ్యవహారం చేసే మాట ఇటలీలో వడ్డీ వ్యాపారుల బల్ల నుంచి పుట్టింది. బడిలో మనం కూర్చున్న బెంచీ కూడా ఆ కుదురుదే.

ఒడ్డు విషయంలో మాత్రం ఇంగ్లిషు మాట మనకు చాలదు. నదికి ఒడ్డు, కాలువకు గట్టు, వరద ఆపడానికి కరకట్ట, చెరువుకు కట్ట. ఇంగ్లిషులో ఒక్క మాటతో సరిపెట్టే చోట వరద ఎరిగిన రైతుకు నాలుగు కావాలి. కాలువ గట్టు తెగితే ఒక ఊరికి నష్టం, కరకట్ట తెగితే తాలూకాకు నష్టం. ఇంగ్లిషు నివేదికను తెనిగించేవారు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకోవాలంటే ఆ చోటు తెలిసి ఉండాలి.

'కంపెనీ' కథ మరో రకం. ఇంగ్లిషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టారు. అంతకు కొన్నేళ్ల ముందే డచ్చివారు అక్కడికి చేరారు. ఆ వర్తక సంఘం రాజ్యం ఏలడం మొదలుపెట్టాక తెలుగువారి నోట అది 'కుంపిణీ' అయింది. కుంపిణీ అంటే ఒక్కటే, ఆ ప్రభుత్వమే. తరువాత వ్యాపార సంస్థల కాలం వచ్చినప్పుడు అదే మాట 'కంపెనీ'గా మళ్లీ వచ్చింది. ఇప్పుడు 'కాస్త కంపెనీ ఇవ్వరా' అంటే తోడు ఉండమని. మూడు అర్థాలు మూడు కాలాల్లో వచ్చాయి. మొదటిదానికి వేరే రూపం మిగలడం చరిత్ర విద్యార్థికి మేలు చేసింది. పాత కాగితంలో కుంపిణీ అని కనిపిస్తే ఏ కాలమో, ఎవరి మాటో తేలికగా పోల్చుకోవచ్చు.

సెటిల్‌మెంటు

ఇంతవరకు చూసిన మాటల్లో ఎవరికీ నష్టం జరగలేదు. లాకు, తూము, గట్టు చేత్తో తాకే వస్తువులు. వాటి దగ్గర జనమే మాటను చీల్చుకున్నారు, ప్రతి ముక్కకూ చోటు చూపించారు. కాగితం మీద మాత్రమే ఉండే మాటల సంగతి అలా లేదు. హక్కులకు సంబంధించిన మాటలను కచేరీ గుమాస్తాలు ఇంగ్లిషు రూపంలోనే ఉంచేశారు. అర్థాలన్నీ విడిపోకుండా ఒకే మాటలో ఇరుక్కుపోయాయి. ఇందుకు డెల్టాలో దొరికే గట్టి ఉదాహరణ సెటిల్‌మెంటు.

మచిలీపట్నంలో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ ఈ ఇబ్బందిని కొంతవరకు గుర్తించాడనే చెప్పాలి. 1852లో తన పెద్ద తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు అచ్చయిన ఏడాదే కచేరీ వ్యవహారాల మాటల కోసం 'జిల్లా డిక్షనరీ' అనే విడి పుస్తకం తెచ్చాడు. 1854లో తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు మరో నిఘంటువు వేశాడు. అయితే ఆయన శ్రమ ఎక్కువగా దేశీయ, పారసీక మాటలను దొరలకు వివరించడానికి. దొరల మాటలను రైతుకు వివరించే పుస్తకం అవసరమని ఆ కాలంలో ఎవరికీ తోచినట్టు లేదు.

సెటిల్‌మెంటు మొదటి అర్థం శిస్తు నిర్ణయం. 1802లో మద్రాసు ప్రభుత్వం జమీందార్లతో చేసుకున్న శాశ్వత ఒప్పందాన్ని పర్మనెంట్ సెటిల్‌మెంట్ అన్నారు. ఉత్తర సర్కారుల్లోని జమీందారీలు ఆ లెక్క కిందికి వచ్చాయి. జమీందారు కట్టవలసిన పేష్కషు శాశ్వతంగా తేలింది. రైతు జమీందారుకు కట్టవలసింది తేలలేదు. 'సెటిల్' అంటే తేల్చడమే అయితే, తేలింది ఎవరికి అన్న ప్రశ్న ఆ మాటలోనే దాగి ఉండిపోయింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా కృష్ణా జిల్లా జమీందారీ రైతుల గొడవలన్నిటికీ ఇదే మూలం.

రైత్వారీ గ్రామాల్లో సర్వే చేసి, నేల తరగతి కట్టి, ఎకరానికి శిస్తు వేయడం కూడా సెటిల్‌మెంటే. కొన్నేళ్లకోసారి మళ్లీ చేసేది రీసెటిల్‌మెంటు. 1920ల చివర కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు పేరిట రూపాయికి మూడణాలు, అంటే నూటికి 18.75 చొప్పున శిస్తు పెంచాలని చూసినప్పుడు రైతులు ఎదురుతిరిగారు. ఆచార్య ఎన్.జి. రంగా వంటివారు రైతు సంఘాలు కట్టడానికి ఆ పోరాటం ఊపునిచ్చింది. ఆనాటి రైతుకు సెటిల్‌మెంటు అంటే తేలడం కాదు, పెరగడం.

ఈ పని ముగిశాక మిగిలిన రిజిస్టరుకు రెవెన్యూ కచేరీల్లో 'డైగ్లాట్' అనే పేరుంది. గ్రీకులో రెండు నాలుకలు అని దాని అర్థం. ఇంగ్లిషు, తెలుగు రెండింటా ఉండే పుస్తకం కనుక ఆ పేరు. ఊరివాళ్లు ఆ మాటను ఒక ప్రభుత్వ కాగితం పేరుగా ఎరుగుదురే గానీ, అందులో తమ భాషకూ చోటుందన్న సంగతి ఆ పేరే చెబుతోందని ఎరగరు. ఈ రిజిస్టరులో సర్వే నంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు రాస్తారు. హక్కు ఎవరిదో తేలని చోట పేరుకు బదులు చుక్కలు పెట్టారు. అవే తరువాత 'చుక్కల భూములు' అయ్యాయి. చుక్కకు తెలుగులో నక్షత్రం, నీటిబొట్టు, బిందువు అని అర్థాలుంటే ఆ రిజిస్టరు నాలుగోది చేర్చింది: పేరు లేదు. పేరు లేదు కనుక భూమి ప్రభుత్వానిదని అధికారులు, తాతల నాటి నుంచి దున్నుతున్నాం కనుక మాదని రైతులు. అలాంటి భూములు నిషేధిత జాబితాలో చేరి, అమ్మకానికీ అప్పుకూ పనికిరాకుండా పోయాయి. దీన్ని సరిచేయడానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో ప్రత్యేకంగా చుక్కల భూముల చట్టం చేయవలసి వచ్చింది. సెటిల్‌మెంటు రిజిస్టరులో 'సెటిల్' కానిదాన్ని తేల్చడానికి ఇంత కాలం పట్టింది.

రెండో అర్థం మనుషులను ఒకచోట కుదురుగా ఉంచడం. ఇంగ్లిషులో ఊరు కట్టుకుని స్థిరపడిన జనావాసాన్ని కూడా సెటిల్‌మెంట్ అంటారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికి వర్తింపజేశాక, ఎరుకల వారిని ఇలాంటి ఆవాసాల్లో పెట్టారు. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న జాతి అది. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైలు మార్గం కలిసి వారి వర్తకాన్ని దెబ్బతీశాయి. తిరగడమే నేరానికి గుర్తుగా చూసిన ప్రభుత్వానికి 'స్థిరపరచడం' చికిత్సగా తోచింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో అలా ఏర్పడింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. హాజరు పట్టీ, బయటికి వెళ్లాలంటే అనుమతి చీటీ అక్కడి నిత్యకృత్యం.

మాటల విద్యార్థి ఇక్కడ ఒక సంగతి గమనించాలి. జనావాసానికి తెలుగులో మాటలకు కొరత లేదు. పేట, పాలెం, గూడెం, పల్లె, లంక, పురం అన్నీ ఉన్నాయి. ఆ ఊరి పేరులోనూ పురం ఉంది. అయినా దాన్ని 'సెటిల్‌మెంటు' అనే పిలిచారు. వస్తువు కొత్తదైతే మాట అరువు వస్తుందన్న మన సూత్రం ఇక్కడా పనిచేసిందని ఒప్పుకోవాలి, ఎందుకంటే గోడ లేని జైలు మనకు కొత్త వస్తువే. కానీ ఆ మాట మిగతా తెలుగువారికి శిక్ష గురించి చెప్పలేదు, అక్కడ ఉండేవారి మీద ముద్ర మాత్రం వేసింది. చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు చెబితే చాలు దొంగతనం గుర్తుచేసుకునే అలవాటును సినిమాలు ఆ తరువాత కూడా చాలా కాలం పోషించాయి. చదువుకుని ఉద్యోగాలకు వెళ్లిన అక్కడి పిల్లలు ఊరి పేరు చెప్పడానికి జంకవలసిన పరిస్థితి ఒక చట్టంతో పాటు ఒక మాట కూడా తెచ్చిపెట్టినదే.

మూడోది వీధి అర్థం. విజయవాడలో 'సెటిల్‌మెంట్లు చేస్తాడు' అంటే కోర్టు బయట, భయపెట్టో బతిమాలో స్థలాల తగాదాలు తేల్చి అందులో వాటా తీసుకునేవాడని. భూమి ధర పెరిగి, కోర్టు తీర్పుకు ఏళ్లు పట్టే నగరంలో ఈ అర్థం పుట్టడం వింత కాదు. ఉద్యోగం, పెళ్లి కుదిరిన అబ్బాయిని 'సెటిలయ్యాడు' అనడం దీనికి పూర్తిగా దూరం. ఒకే నగరంలో ఒకే మాట ఒకడికి దీవెన, మరొకడికి తిట్టు.

ఇక నాలుగోది, నేడు మన ఇళ్లలో ఎక్కువ నష్టం చేస్తున్నది: సెటిల్‌మెంటు దస్తావేజు. ప్రతిఫలం తీసుకోకుండా, ప్రేమాభిమానాల మీద కుటుంబ సభ్యులకు ఆస్తి రాసి ఇచ్చే పత్రం ఇది. సాధారణంగా ఇది రాసి రిజిస్టరు చేసిన నాటి నుంచే అమల్లోకి వస్తుంది, ఇచ్చినవారు తమ ఇష్టం మీద వెనక్కి తీసుకోలేరు. దీని పక్కనే ఉండే మరో పత్రం వీలునామా. అది రాసినవారి మరణం తరువాతే పనిచేస్తుంది, బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

'వీలునామా' అనే మాట నిర్మాణం చూడండి. ఇంగ్లిషు 'విల్'కు ఇచ్ఛ అనీ, మరణశాసనం అనీ అర్థాలున్నాయి, భవిష్యత్తును చెప్పే సహాయక క్రియ కూడా అదే. మనవాళ్లు దానికి 'నామా' అనే పారసీకపు తోక తగిలించారు. నామా అంటే పత్రం. ఆ తోకతో మిగతా అర్థాలన్నీ తెగిపోయి పత్రం ఒక్కటే మిగిలింది. పైగా 'వీలు' అనే తెలుగు మాట కలిసొచ్చి, వీలును బట్టి మార్చుకోదగినదన్న స్ఫురణ కూడా వచ్చింది. ఎవరో గుమాస్తా ఆలోచించి చేశాడని కాదు, నోటి వాడుక చేసిన పని. నిఘంటుకారులు ఇంతకంటే మంచి మాట ఇవ్వలేకపోయేవారు.

సెటిల్‌మెంటుకు అలాంటి తోక అంటుకోలేదు. 'దస్తావేజు' అనే రెండో మాటను సంభాషణలో వదిలేస్తారు. 'పిల్లలకు సెటిల్‌మెంటు చేసేశాను' అని ఒక పెద్దాయన అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది పంపకాలు తేల్చాను, తరువాత తగాదాలు లేకుండా చూశాను అన్న అర్థం. కాగితం చెప్పేది మాత్రం ఇల్లు ఇక ఆయనది కాదని. ఈ రెండు అర్థాల మధ్య సందులో జీవితాంతం ఉండే హక్కు మిగుల్చుకోని తల్లిదండ్రులు, పోషణ షరతు రాయించుకోని ఒంటరి ముసలివాళ్లు పడిపోతున్నారు. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కొంత రక్షణ ఇచ్చింది. తీసుకున్నవారు కనీస అవసరాలు చూడాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి ఉండి, వారు ఆ మాట తప్పితే, ఆ బదిలీని చెల్లదని ప్రకటించమని వృద్ధులు ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఆ చట్టం అమలైన తరువాత జరిగిన బదిలీలకే ఇది వర్తిస్తుంది. షరతు ఉందా అన్న ప్రశ్న అక్కడా ముందుగా ఎదురవుతుంది.

పత్రం తల మీద ఏ పేరున్నా, దాని స్వభావం లోపలి తెలుగు వాక్యాల్లో తెలుస్తుంది. 'నా తదనంతరం' అని ఉంటే ఒక రకం. 'నేటి నుంచి సర్వహక్కులతో అనుభవించవలసినది', 'స్వాధీనం చేసినాను' అని ఉంటే మరో రకం. 'నా జీవితకాలం అనుభవించి' అన్న ముక్క ఉందా లేదా అన్నది మూడోది. ఇంగ్లిషు మాట దాచిన తేడాను ఈ తెలుగు క్రియలు దాచలేవు. మీ ప్రాంతంలోని దస్తావేజు లేఖరి దగ్గర పాత సెటిల్‌మెంటు, వీలునామా నమూనాలు ఒక్కొక్కటి అడిగి తెచ్చుకుని, పేర్లు మూసి, క్రియాపదాల కింద మాత్రమే గీతలు గీసి చదవండి.